పెరట్లో సిమెంటు పోస్తే డెంగీ ఆగదు

పురుగూ పుట్రా కనబడని పెరడే శుభ్రమైన పెరడని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. ఇల్లు కట్టగానే ఇంటెనక జాగంతా సిమెంటు పోస్తున్నారు. మట్టి మిగిలితే మందు కొడుతున్నారు. ఎందుకంటే, డెంగీ వస్తే ఎవరు దిక్కని అడుగుతారు.

భయం నిజమైనదే, విరుగుడే తప్పు. డెంగీ మోసే ఏడిస్ దోమ గడ్డిలో పుట్టదు. మంచినీళ్ల గోలెంలో, కూలర్ అడుగున, సాంచాల (మరమగ్గాల) షెడ్డు వెనక పడేసిన డబ్బాల్లో గుడ్లు పెడుతుంది. దాని కాళ్ల మీద తెల్ల చారలుంటాయి, పగలే కుడుతుంది. ఈ సంగతి తెలిసిన ఇంట్లో వారానికోసారి గోలెం తోమి ఆరబెడతారు. దోమకూ దోమకూ తేడా చూడబట్టే రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో మలేరియా క్రిమిని దోమ కడుపులో పట్టుకున్నాడు. అంతకుముందు కోసి చూసిన మామూలు దోమల్లో అది దొరకలేదు. రెక్కల మీద మచ్చలున్న జాతిలోనే దొరికింది.

మందుకు ఆ తేడా తెలియదు. నీళ్లలో దోమ లార్వాలను తినే తూనీగ పిల్ల చస్తుంది, కప్ప చస్తుంది, సాలీడు చస్తుంది. తొలివానకు ఎర్రటి మఖమల్‌లా నేల మీదికొచ్చే ఆరుద్ర పురుగును చిన్నప్పుడు అరచేతిలో నడిపించుకున్నాం. అది చిన్న పురుగులనూ వాటి గుడ్లనూ తిని బతుకుతుంది. దానికి మట్టి కావాలి, సిమెంటు కింద బతకలేదు. మనుషులకూ ఆ మందుల వల్ల ముప్పే. ఇళ్లల్లో విచ్చలవిడిగా చల్లిన డైక్లోర్వాస్‌ను కేంద్రం 2018 ఉత్తర్వుతో నిషేధించింది, వాడకం 2020 డిసెంబరు 31తో పూర్తిగా ఆగాలంది.

నాకు అన్నిటికంటె బాధ కలిగించేది ఈగల మీది కసి. మామిడితో పేరు తెచ్చుకున్న జగిత్యాల ఇది. చెల్‌గల్ మార్కెట్ నుంచి ఢిల్లీ దాకా పోయే కాయ వెనక ఈగల కష్టముంది. మామిడి పూతలో పుప్పొడి మోసేవాటిలో ఈగలదే పెద్ద చెయ్యి. పూల ముందు గాల్లో కదలకుండా నిలబడే చారల ఈగను చూసి కందిరీగనుకుని చంపుతారు. అది కుట్టదు. దాని పిల్ల మన చిక్కుడు తీగ మీది పేనుబంకను తింటుంది.

తేలో పామో వస్తే ఏం గతని అడిగేవాళ్లున్నారు. అవి ఎక్కువగా చేరేది రాళ్ల కుప్పల్లో, కట్టెల మోపుల కింద. అవి సర్దుకోవడం ఒక పూట పని. దానికోసం పెరడంతా పూడ్చడాన్ని నేను ఎంతమాత్రం ఒప్పుకోను.