నంబరు లేని ప్రకటన

మా ఫ్రీమాంట్ తెలుగు వాట్సాప్ గ్రూపులో తరచూ కనిపించే ప్రకటన: "కిచెన్ రీమోడలింగ్, బాత్రూమ్ టైల్స్. మనవాళ్లకు తక్కువ రేటు." కాంట్రాక్టర్ లైసెన్స్ నంబరు మాత్రం ఉండదు. కాలిఫోర్నియాలో పని మొదలుపెట్టకపోయినా, లైసెన్స్ లేకుండా ఇలా ప్రకటించుకోవడమే నేరం. 700 నుంచి 1,000 డాలర్ల జరిమానా. వెయ్యి డాలర్ల లోపు, పర్మిట్ అక్కర్లేని చిల్లర పనులకు మినహాయింపు ఉంది. అయితే లైసెన్స్ లేదని ప్రకటనలోనే చెప్పాలి.

"పొట్టకూటికి తిప్పలు పడేవాడి మీదా ప్రతాపం?" అంటారు మా బావగారు. నాకైతే ఆ జరిమానాయే తక్కువ. కిచెన్‌కు ముప్పై వేలు అడిగేవాడికి వెయ్యి ఒక లెక్కా? లైసెన్సున్నవాడు 25,000 డాలర్ల బాండ్ చూపించాలి. పని చెడితే ఇంటివాళ్లకు కాస్త ఆసరా అదే. మనవాడన్న నమ్మకానికి ఏ బాండూ ఉండదు. అడ్వాన్స్ ఇచ్చేముందు నంబరు అడగండి, రాష్ట్ర లైసెన్స్ బోర్డు వెబ్‌సైటులో సరిచూసుకోండి.