గోధుమ పడని బిడ్డకు క్రిస్మస్ కేకు



బాపులపాడు చుట్టుపట్ల మనము అన్నము తినేవారము గనుక, గోధుమ పడని జబ్బు అంటే ఉత్తరాది వారిదే అనుకుంటాము. గోధుమ ఎక్కువగా తినే అటువైపే ఈ సీలియాక్ వ్యాధి ఎక్కువగా కనబడుతున్న మాట నిజమే. అయితే మన ఇండ్లలోనూ లేకపోలేదు. మా సంఘములో ఒక తల్లి మమ్మును ఇలా అడిగినది: "అయ్యగారూ, మా అమ్మాయిని గోధుమ ముట్టవద్దన్నారు డాక్టరుగారు. క్రిస్మస్‌కు అందరూ కేకు తింటుంటే దానికేమి పెట్టను? మొన్ననే బాప్తిస్మము తీసుకున్నది, బల్లలో రొట్టె సంగతేమిటి?"

గోధుమలోను, బార్లీలోను గ్లూటెన్ అనే జిగురు ఉన్నది. (చిన్నవాడు ప్రభువునొద్దకు తెచ్చినవి యవల రొట్టెలు, అంటే బార్లీవే. వాటిలోనూ ఉంటుంది.) ఈ జబ్బు గలవారిలో ఆ జిగురు వలన పేగు లోపలి పొర చెడిపోతుంది. తిన్నది ఒంటబట్టదు. బిడ్డ ఎదగదు, రక్తము తగ్గిపోతుంది, కొందరికి విరేచనాలు తగ్గవు. గోధుమే దీనికి కారణమని డికె అనే డచ్చి వైద్యుడు 1950లో తన పరిశోధన గ్రంథములో చూపించాడు. నేటికీ గ్లూటెన్ ఉన్నవాటిని పూర్తిగా మానుటే చికిత్స. అనుమానమున్నవారు మాత్రము రక్తపరీక్షకు ముందే మానకూడదు. మానితే పరీక్షలో జబ్బు బయటపడకపోవచ్చు.

ఇక కేకు మాట. మైదాలోని జిగురు వలలాగా సాగి గాలి బుడగలను పట్టి ఉంచుతుంది. బియ్యప్పిండిలో ఆ వల లేదు గనుక కేకు పొంగదు, కోస్తే పొడి రాలుతుంది. కాని మన అమ్మమ్మలు గోధుమ లేకుండానే ఇడ్లీ పొంగించారు కదా! అక్కడ మినపపిండి జిగట ఆ పని చేస్తుంది. కేకులో ఆ పనికి గుడ్లు, అరటిపండు, సగ్గుబియ్యము, మందుల షాపులో దొరికే ఈసబ్గోల్ పొట్టు చాలును. పొట్టు వట్టిదే తీసుకోవాలి, రుచులు కలిపినది వద్దు.

మా ఇంటి పద్ధతి ఇది. బియ్యప్పిండి 150 గ్రాములు, మిక్సీలో మెత్తగా కొట్టిన సగ్గుబియ్యపు పిండి 50 గ్రాములు, ఈసబ్గోల్ ఒక చెంచా కలిపి సన్నని గుడ్డలో జల్లించాలి. బరక ఉంటే కేకు నోటికి ఇసుకలా తగులుతుంది. 120 గ్రాముల వెన్న, 150 గ్రాముల పంచదార బాగా గిలకొట్టి, 3 గుడ్లు ఒక్కొక్కటే వేసి, రెండు పండిన అరటిపండ్ల గుజ్జు చేర్చి, పిండి కలిపి అరగంట నాననివ్వాలి. ఈ నానుట మానకండి. తరువాతనే రెండు చెంచాల బేకింగ్ పౌడరు. టూటీఫ్రూటీకి బదులు మన నూజివీడు వైపు మామిడి తాండ్రను చిన్న ముక్కలుగా కోసి వేయండి, కేకుకు మంచి పులుపు వస్తుంది. వేసవిలో అరటికి బదులు రసాల గుజ్జు వేసుకోవచ్చు. గాస్కెట్టు, విజిలు తీసివేసిన పాత కుక్కరులో ఇసుక పోసి, వేడెక్కిన తరువాత గిన్నె దించి, సన్నని సెగ మీద ముప్పావు గంట మొదలు గంట వరకు ఉంచాలి. పుల్ల గుచ్చితే తడి అంటకూడదు.

అసలు ప్రమాదము కేకులో కంటె చుట్టూ ఉన్నవాటిలో ఎక్కువ. బొంబాయి రవ్వ, సేమియా గోధుమవే. డబ్బా ఇంగువలో తరచుగా మైదా కలుపుతారు, చీటీ చదవండి. బార్లీతో చేసిన మాల్టు పానీయములు పనికిరావు, రాగి జావ ఫరవాలేదు. ఊరి పిండిమిల్లులో మన బియ్యమునకు ముందు ఎవరో గోధుమలు పట్టించి ఉంటారు. ఆ పిండి మన పిండిలోకి వస్తుంది. అందుచేత ఈ బిడ్డ కొరకు బియ్యము ఇంట్లోనే మిక్సీలో పట్టుకొనుట మేలు. పూరీలు వేయించిన నూనెలో దాని గారెలు వేయవద్దు. కొనే పొట్లము మీద గ్లూటెన్ లేదని వ్రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించకూడదని మన దేశములో నియమము. అంత కొద్దిదానికీ లెక్క ఉన్నదన్నమాట. అందుకే ఇంట్లో రెండు రకముల కేకులు చేయవద్దంటాము. అందరికీ ఈ ఒక్కటే చేస్తే కత్తి, పళ్లెము, తుంపులు అని భయపడే పని లేదు, ఆ పిల్ల వేరుగా కూర్చునే పనీ లేదు.

బల్ల సంగతి. కతోలికులకు 2017లో రోము నుండి వచ్చిన లేఖ, గ్లూటెన్ బాగా తగ్గించిన అప్పము చెల్లునని, పూర్తిగా లేనిది చెల్లదని చెప్పినది. మాకు అటువంటి కట్టడ లేదు గనుక పెద్దలతో మాట్లాడి సంఘమంతటికీ బియ్యపు రొట్టె పెడుతున్నాము. ఒక్కరికే వేరే పళ్లెము పెడితే ఆ అమ్మాయి తల వంచుకొనే వస్తుంది. రొట్టెను గిన్నెలో ముంచి ఇచ్చే సంఘములలోనైతే వేరే పళ్లెము ఉన్నా లాభము లేదు, గోధుమ తుంపులు రసములోకి దిగుతాయి.

ఆ రొట్టెను శనివారము చేసి ఉంచకండి. బియ్యపు రొట్టె మరునాటికి గట్టిపడి విరిగిపోతుంది. ఆదివారము తెల్లవారుజామున మరిగే నీళ్లతో పిండి కలిపి, పలుచగా తట్టి, కాల్చిన వెంటనే తడిగుడ్డలో చుట్టి తెస్తే ఆరాధన వేళకు మెత్తగానే ఉంటుంది.