ఆగస్టు 25న ఎవరిని తలుచుకుందాం

బడి గోడ మీద 'ఈ రోజు ప్రత్యేకత' రాసే ఉపాధ్యాయుడికి ఆగస్టు 25న పేర్ల కొరత ఉండదు. తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ 1776లో, ఆవిరి యంత్రానికి కొత్త శక్తినిచ్చిన జేమ్స్ వాట్ 1819లో, యురేనస్ గ్రహాన్ని కనిపెట్టిన విలియం హెర్షెల్ 1822లో, మన ఇళ్ళలోని కరెంటుకు పునాది వేసిన మైకేల్ ఫారడే 1867లో ఈ తేదీనే కన్నుమూశారు. చంద్రుడి మీద మొదట కాలు మోపిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ పోయింది కూడా 2012లో ఇదే రోజున. పోటీ పరీక్షలకు చదివే మన పిల్లలకు ఈ పేర్లు తెలుసు. తెలియాలి కూడా.

ఆ పేర్లతో పాటు మన దగ్గరి పేరు కూడా ఒకటుంది. 1953లో అదే తేదీన హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి కన్నుమూశారు. బోరవెల్లిలో పుట్టి, ఇటిక్యాలపాడును సొంత ఊరుగా చెప్పుకున్న మనిషి. రెండు ఊళ్ళూ ఇవాళ గద్వాల జిల్లాలో ఉన్నాయి. 1952లో హైదరాబాదు రాష్ట్ర తొలి శాసనసభకు వనపర్తి ప్రజలు ఎన్నుకున్నది ఆయన్నే. మరుసటి ఏడాదే, 57 ఏళ్ళ వయసులో పోయారు.

ఆయన చేసిన పనుల్లో ఒకదాని దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఒక పండితుడు రాశాడు. చదివిన వాళ్ళు ఎందరో నొచ్చుకుని ఉంటారు. ప్రతాపరెడ్డి మాత్రం పల్లెపల్లెకూ కబురు పంపారు. మీ ఊళ్ళో పద్యం రాసే వాళ్ళెవరు, వాళ్ళ ఊరేది, ఏం రాశారు, పంపండి అని అడిగారు. గద్వాల, వనపర్తి, ఆత్మకూరు, కొల్లాపురం సంస్థానాల పండితులే కాదు, ఎవరూ పేరెత్తని పల్లెల వాళ్ళూ ముందుకొచ్చారు. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక అచ్చయింది. లేరన్న మాటకు ఆయన ఇచ్చిన జవాబు 354 పేర్లు.

1926లో ఆయన మొదలుపెట్టిన గోలకొండ పత్రికదీ అదే తీరు. సంపాదకీయాలకు ముందుగా అనుమతి తీసుకోవాలని నిజాం ప్రభుత్వం తాఖీదు పంపితే, ఆ చోట ప్రపంచ మేధావుల సూక్తులు అచ్చువేశారు. 1949లో వచ్చిన ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల యుద్ధాలను పక్కకు పెట్టి, మామూలు జనం ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, ఏ ఆటలు ఆడారు, ఏ పండుగలు చేసుకున్నారు అని కావ్యాల్లో వెతికి రాశారు. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగుకు ఇచ్చిన తొలి పురస్కారం ఆ పుస్తకానిదే. అందుకోవడానికి రచయిత లేరు.

పేరు లేని వాళ్ళ పేర్లు వెతకడమే పనిగా పెట్టుకున్న అటువంటి మనిషి వర్ధంతి నాడు మనం చేస్తున్నదేమిటి? విగ్రహానికి దండ, నాలుగు ఉపన్యాసాలు, ఒక ఫొటో. 2025లో హైదరాబాదులోని తెలుగు విశ్వవిద్యాలయానికి ఆయన పేరు పెట్టాలని శాసనసభ నిర్ణయించింది. సంతోషమే. పేరు పెట్టడం ప్రభుత్వం చేయగల పని. ఆయన పనిని కొనసాగించడం మాత్రం ఆయన పుట్టిన పాలమూరు నేల మీది వాళ్ళం చేయాల్సిన పని.

ఇదే తేదీకి మరో జ్ఞాపకం కూడా ఉంది. 2007 ఆగస్టు 25 శనివారం. సాయంత్రం ఎనిమిది కావొస్తుండగా హైదరాబాదు లుంబినీ పార్కులో లేజర్ షో చూస్తున్న జనం మధ్య బాంబు పేలింది. కొద్ది నిమిషాలకే కోఠీలోని గోకుల్ చాట్‌లో రెండోది పేలింది. 42 మంది పోయారు. వారిలో మహారాష్ట్ర నుంచి విహారయాత్రకు వచ్చిన ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు.   2018లో ఈ పేలుళ్ళ కేసులో కోర్టు ఇద్దరికి ఉరిశిక్ష, ఒకరికి యావజ్జీవం విధించింది. ఆ 42 మందిలో ఒక్క పేరైనా మనలో ఎందరం చెప్పగలం? ఆ పేలుళ్ళకు మూడు నెలల ముందు, మే 18న, మక్కా మసీదులో నమాజుకు వచ్చి బాంబు పేలుడులో పోయిన వాళ్ళలో ఒక్క పేరైనా చెప్పగలమా? ఒక తేదీని తలుచుకుని రెండోదాన్ని మరిచే వాళ్ళున్నారు, ఆ తేదీలతో పక్కింటి వాళ్ళ మీద కోపం పెంచుకునే వాళ్ళూ ఉన్నారు. చచ్చిపోయిన వాళ్ళు అడిగేది అది కాదు. పేరు పెట్టి పిలవమంటారు, అంతే.

హైదరాబాదు దూరమనుకుంటే మన దగ్గరికే వద్దాం. 2013 అక్టోబర్ 30 తెల్లవారుజామున ఇప్పటి వనపర్తి జిల్లా కొత్తకోట దగ్గరి పాలెం వద్ద, బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న ప్రైవేటు బస్సు కల్వర్టును గుద్దుకుని తగలబడింది. నిద్రలో ఉన్న వాళ్ళు నిద్రలోనే, 45 మంది కాలిపోయారు. స్వామి దయానంద సరస్వతి 1883లో కన్నుమూసింది అదే తేదీన, గజల్ గాయని బేగం అఖ్తర్ 1974లో పోయిందీ అదే తేదీన. వాళ్ళిద్దరినీ తలిచే వాళ్ళు దేశమంతటా ఉన్నారు. పాలెం మృతులను తలుచుకోవాల్సింది మాత్రం ముందుగా ఆ దారిన రోజూ పోయే మనమే.

నాగర్‌కర్నూల్ జిల్లాలో నల్లమల అంచున, 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ విద్యుత్ కేంద్రంలో మంటలు లేచాయి. ఇంజినీర్లు, సిబ్బంది తొమ్మిది మంది పొగలో ఊపిరాడక పోయారు. అయిదు రోజులకే ఫారడే వర్ధంతి. ఆయన కనిపెట్టిన సూత్రంతోనే ఆ యంత్రాలు తిరుగుతాయి. ఆ యంత్రాలను కాపాడబోయి ఆహుతైన వాళ్ళ పేర్లు మాత్రం మన పిల్లల పుస్తకాల్లో లేవు.

అక్కడికి దగ్గర్లోనే, 2025 ఫిబ్రవరి 22న, దోమలపెంట వద్ద ఎస్ఎల్‌బీసీ సొరంగం లోపల దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో కప్పు కూలి, నీళ్ళూ బురదా ముంచెత్తాయి. ఎనిమిది మంది చిక్కుకుపోయారు. వాళ్ళు జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకశ్మీర్ నుంచి మన కొండలోకి పనికి వచ్చిన వాళ్ళు. నల్లగొండకు కృష్ణా నీళ్ళు పోవాలని తవ్వుతున్న సొరంగం అది. రెండు నెలలు గాలిస్తే ఇద్దరి దేహాలే బయటికి వచ్చాయి. ఫిబ్రవరి 22నే 1944లో ఆగాఖాన్ ప్యాలెస్ నిర్బంధంలో కస్తూర్బా గాంధీ, 1958లో దేశపు తొలి విద్యామంత్రి మౌలానా ఆజాద్ కన్నుమూశారు. మన మండలాల్లో కస్తూర్బా పేరు మీద బాలికల విద్యాలయాలున్నాయి. వలస పోయిన తల్లిదండ్రుల బిడ్డలు, చదువు మానేసిన బిడ్డలు అక్కడే ఉండి చదువుకుంటున్నారు. ఫిబ్రవరి 22న ఆ పిల్లలకు కస్తూర్బా కథ చెప్పే ఉపాధ్యాయురాలు, సొరంగంలో ఉండిపోయిన ఆ కూలీల కథ కూడా చెప్పాలి. తమ అమ్మానాన్నల లాగే పని వెతుక్కుంటూ ఊరు దాటిన వాళ్ళని ఆ పిల్లలకు విడమరిచి చెప్పనక్కరలేదు.

ఎందుకంటే ఊరు దాటడం మనకు కొత్త కాదు. పాలమూరు కూలీ కట్టని ఆనకట్ట, తవ్వని కాలువ ఈ దేశంలో తక్కువ. గుంపుమేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని, పిల్లలను ముసలివాళ్ళ దగ్గర వదిలి, బొంబాయికి, పుణేకు, బెంగళూరుకు పోయిన వాళ్ళు తరతరాలుగా ఉన్నారు. పరంజా మీద నుంచి పడి పోయినవాళ్ళు, మట్టిపెళ్ళ కింద పడి పోయినవాళ్ళు, జ్వరమొచ్చి చూసే దిక్కు లేక పోయినవాళ్ళు ఎందరో లెక్క ఎక్కడుంది? 1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం మరణాన్ని మనిషి పోయిన చోటే నమోదు చేస్తారు, సొంత ఊళ్ళో కాదు. బొంబాయిలో పోయిన మన మనిషి ఉంటే గింటే బొంబాయి రికార్డులోనే ఉంటాడు. మన పంచాయతీ రిజిస్టరులో అతను పోయినట్టు ఎక్కడా ఉండదు. పేరు లేనందుకే పరిహారం రాదు, పేరు లేనందుకే ఏ పని చోట ఎందరు పోయారో ఎవరూ నిలదీయరు. పాలమూరు వలస మీద వ్యాసాలు రాశాం, పాటలు కట్టాం, ఎన్నికలప్పుడు వేదికల మీద అరిచాం. పేర్లు మాత్రం రాసుకోలేదు. ఇది ప్రభుత్వం తప్పు మాత్రమే కాదు. చదువుకున్న మనందరి తప్పు.

తలుచుకోవడం చేతకాని జనం కాదు మనది. పెత్రమాస నాడు ఇంటింటా పెద్దలకు పెట్టుకుంటాం, తాత ముత్తాతల పేర్లు గుర్తుచేసుకుంటాం. మొహర్రం వస్తే మన పల్లెల్లో హిందువులూ ముస్లిములూ కలిసి పీర్లను ఎత్తుతారు, గుండం చుట్టూ తిరుగుతారు. పదమూడు వందల ఏళ్ళకు పూర్వం, ఎక్కడో కర్బలా మైదానంలో ఒక్క రోజున ప్రాణాలిచ్చిన వాళ్ళకోసం గద్వాల పల్లెలో రైతు కళ్ళు తడుస్తాయి. ఆ వీరులకూ ఈ రైతుకూ బంధుత్వం లేదు, భాష ఒకటి కాదు, మతం ఒకటి కాదు. అంత దూరపు మరణాన్ని మన ఇంటి మరణంగా చేసుకోగలిగిన ఊరు, తన వీధిలోంచి పోయిన కూలీ పేరును గాలికి వదిలేయడం నాకు ఏ లెక్కన చూసినా న్యాయం కాదు.

నాగర్‌కర్నూల్ ప్రాంతపు పండితులు కపిలవాయి లింగమూర్తి పాలమూరు గుళ్ళ చరిత్రను, స్థానిక గాథలను జీవితమంతా సేకరించి పుస్తకాలు చేశారు. 2018లో ఆయన పోయారు. రాయి మీది అక్షరం కోసం అంత శ్రమపడిన మనుషులు పుట్టిన నేల ఇది. అటువంటి శ్రమ ఇప్పుడు మనుషుల కోసం కావాలి. పెద్ద పథకం అక్కరలేదు, నిధులూ అక్కరలేదు. ఊరి గ్రంథాలయంలోనో బడిలోనో ఒక గట్టి అట్ట రిజిస్టరు చాలు. ఆశా కార్యకర్తను, పాత మేస్త్రీలను, ఇళ్ళలోని ముసలమ్మలను అడిగితే చెబుతారు. పోయిన మనిషి పేరు, వయసు, ఏ పనికి పోయారు, ఎక్కడ, ఏ తేదీన, ఎలా పోయారు, ఇంటికి ఏమైనా ముట్టిందా అన్నవి రాయాలి. శ్రీశైలం జలాశయం కింద మునిగిన కొల్లాపురం, అలంపురం వైపు ఊళ్ళ పేర్లు కూడా అందులో చేర్చాలి. ఆ ఊళ్ళు విడిచి చెట్టుకొకరు పుట్టకొకరుగా పోయిన కుటుంబాల పెద్దలు ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ళు ఉండగానే అడగాలి. రాసేటప్పుడు కులం చూడొద్దు, ఏ పార్టీ అని అడగొద్దు. పాలెంలో కాలిన వాళ్ళు, దోమలపెంటలో మిగిలిపోయిన వాళ్ళు మన ఊరి వాళ్ళు కాకపోయినా, మన మట్టిలో పోయారు గనుక వాళ్ళ పేర్లూ ఉండాలి.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ కళాశాలల్లో చరిత్ర, తెలుగు చెప్పే అధ్యాపకులారా, పరిశోధనకు విషయం దొరకడం లేదని పిల్లలు అడిగితే ఈ పని ఇవ్వండి. సర్పంచులారా, వచ్చే ఆగస్టు 25న ప్రతాపరెడ్డి విగ్రహానికి దండ వేశాక గ్రామసభ పెట్టి ఆ రిజిస్టరు తెరిపించండి. వలస పోయిన ఇంట్లో పుట్టి నాలుగక్షరాలు నేర్చుకున్న తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, మొదటి పేరు మీ ఇంటి నుంచే రాయండి.