కొలువు సరే... గూడు ఎక్కడ?

'ఓర్వకల్లులో ఉద్యోగం వచ్చింది' అని ఫోన్ రాగానే ఇంట్లో అందరి మొహాలూ వెలుగుతాయి. జీతమెంత, డ్యూటీ ఎన్ని గంటలు, ఆదివారం సెలవేనా... ఇలా ప్రశ్నలన్నీ అయ్యాక ఏ అమ్మో, ఏ అత్తగారో నెమ్మదిగా అడుగుతుంది. 'అంతా బాగానే ఉంది. మరి ఉండేదెక్కడ నాయనా?'

అక్కడ మాట ఆగిపోతుంది. ఎందుకంటే ఆ సంగతి ఉద్యోగ పత్రంలో ఉండదు.

కర్నూలు నుంచి నంద్యాల వెళ్లే దారిలో, 20 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉంది ఓర్వకల్లు. ఒకప్పుడు ఆ ఊరి పేరు చెబితే రాతివనమో, పొదుపు సంఘాల మహిళలో గుర్తొచ్చేవారు. ఇప్పుడు ఇంకా చాలా గుర్తొస్తాయి. 2021 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. శకునాల, గని గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు అంతకుముందే వచ్చింది. ఆ తర్వాత గుట్టపాడు దగ్గర ఉక్కు కర్మాగారం, పిన్నాపురం విద్యుత్ ప్రాజెక్టు. 2024 ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం దేశంలో 12 పారిశ్రామిక నగరాలకు ఆమోదం తెలిపితే, అందులో రెండు రాయలసీమవే. ఒకటి కడప దగ్గర కొప్పర్తి, రెండోది ఓర్వకల్లు. ఓర్వకల్లుకు 2,621 ఎకరాలు, 2,786 కోట్ల రూపాయలు. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు వచ్చినప్పుడు ఈ రెంటికీ శంకుస్థాపన కూడా అయింది.

ఎకరాలకు లెక్క ఉంది, కోట్లకు లెక్క ఉంది. పనికి వచ్చినవాడు రాత్రి ఎక్కడ పడుకుంటాడన్న లెక్క మాత్రం ఎవరికి వారే వేసుకోవాలి. కొత్త నగరాల ప్రకటనలో 'నడిచి పనికి వెళ్లేంత దూరంలో ఇల్లు' అన్న మాట ఉంది. మంచి మాటే. కానీ ఆ నగరం లేచేదాకా చేరాల్సిన ఉద్యోగం ఆగదు కదా!

ఈ చిక్కు కర్నూలుకు కొత్త కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలు. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందంలో సీమకు ఇచ్చిన మాట ప్రకారం అది వచ్చింది. రాష్ట్రాన్ని నెహ్రూ ప్రారంభించారు, టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. బాగానే ఉంది. మరి మద్రాసు నుంచి ఫైళ్లతో పాటు దిగిన గుమాస్తాలు, టైపిస్టులు, సూపరింటెండెంట్లు ఎక్కడుండాలి? అప్పటి కర్నూలు చిన్న ఊరు. దాంతో గుడారాలు లేచాయి. వాటిలో కార్యాలయాలు నడిచాయి, ఉద్యోగులూ ఉన్నారు. ఎండాకాలం కర్నూలులో గుడ్డ గుడారం అంటే ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు!

ఆ రోజుల గుర్తులు ఇప్పటికీ చిరునామాల్లో మిగిలాయి. ఏ క్యాంపు, బీ క్యాంపు, సీ క్యాంపు అన్న పేర్లు రాజధాని నాటివే. మూడేళ్లు గడిచాయో లేదో, 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయింది. మద్రాసులో సామాను సర్దినవాళ్లు కర్నూలులో మళ్లీ సర్దుకుని, హైదరాబాదులో మళ్లీ ఇళ్ల వేటలో పడ్డారు. ఒక్క ఉద్యోగానికి మూడు ఊళ్లు. 'క్యాంపు' అంటే నాలుగు రోజుల మజిలీ. ఆ పేట మాత్రం నిలిచిపోయింది.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. శ్రీకాకుళం నుంచి ఓ ఫిట్టర్ ఓర్వకల్లులో పనికి వచ్చాడనుకుందాం. రాష్ట్రం ఒకటే గానీ ఆ చివర నుంచి ఈ చివరకు రావడం. మాట కూడా కాస్త కొత్తే. అక్కడ 'అద్దె' అంటే ఇక్కడ 'బాడుగ'. మొదటి ఆలోచన సహజంగానే ఓర్వకల్లులోనే గది చూసుకోవడం. తీరా చూస్తే పల్లెలో ఇళ్లు ఎవరికి వారు ఉండటానికి కట్టుకున్నవి. కింద నాపరాళ్లు పరిచి, ముందు కాస్త వాకిలి వదిలి, వెనక గొడ్లకు చోటు చూసుకున్న ఇళ్లు. బాడుగకిచ్చే గది అంటే, పెద్దకొడుకు బెంగళూరో హైదరాబాదో వెళ్తే ఖాళీ అయిన ఆ ఒక్కటే. దానికి ఒకేసారి నలుగురైదుగురు వస్తే బాడుగ పెరుగుతుంది. అది ఇంటివాళ్ల తప్పేమీ కాదు.

పరిశ్రమ వస్తుందన్న మాట పుట్టగానే రోడ్డు పక్కన వెంచర్లు వెలుస్తాయి. రంగులు వేసిన హద్దురాళ్లు, ఓ ఆర్చి, నాలుగు కొబ్బరి మొక్కలు. ప్లాటు కొన్నవాడు ధర పెరిగేదాకా ఆగుతాడు, ఇల్లు కట్టడు. ఫిట్టర్‌కు కావలసింది ప్లాటు కాదు, ఈ నెల ఒకటో తారీఖు నుంచి తలదాచుకునే చోటు. భూమి ధర పెరిగిన కొద్దీ ఆ చోటు కట్టడం కూడా ఖరీదవుతుంది. అంటే అభివృద్ధి వార్త మొదట దెబ్బకొట్టేది ఆ అభివృద్ధికి చెమటోడ్చడానికి వచ్చినవాణ్నే.

కాబట్టి చాలామందికి మిగిలే దారి కర్నూలు. ఇక్కడే లెక్క జాగ్రత్తగా వేసుకోవాలి. ఉదాహరణకు జీతం 20,000 రూపాయలు. కర్నూలులో ఇల్లు 6,000, బస్సు చార్జీలు రోజుకు 80 చొప్పున 26 రోజులకు 2,080. కలిపితే 8,080, జీతంలో 40 శాతం. ఓర్వకల్లులోనే 7,500కు ఇల్లు దొరికితే? 'కర్నూలు కంటే బాడుగ ఎక్కువ' అని వదులుకుంటే నష్టమే, రోజుకు గంటన్నర ప్రయాణం అదనం. అమెరికాలో ప్రభుత్వ ఇళ్లలో ఉండేవారి బాడుగ ఆదాయంలో 25 శాతం దాటకూడదని 1969లో పరిమితి పెట్టారు, 1981లో దాన్ని 30 శాతం చేశారు. మన ఫిట్టర్‌కు అంతకంటే తక్కువలో కుదరడం కష్టమే. అయినా బాడుగ, బస్సు రెండూ ఒకే సంచిలోంచి పోతాయని గుర్తుంటే చాలు. కర్నూలులో వెతికితే నంద్యాల చెక్‌పోస్టు వైపు వెతకడం మేలు. ఊరంతా దాటే పని లేకుండా బస్సు దొరుకుతుంది.

కొందరు కుటుంబాన్ని సొంతూళ్లోనే ఉంచి, నలుగురితో కలిసి గది తీసుకుంటారు. చౌకగానే కనిపిస్తుంది. కానీ అక్కడో పొయ్యి, ఇక్కడో మెస్సు, మధ్యలో రైలు చార్జీలు. ఆపైన 'నాన్న ఎప్పుడొస్తాడు' అనే పాప. మొదటి రెండు మూడు నెలలకు ఇది మంచి ఉపాయమే. ఊరు తెలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుందో లేదో తెలుస్తుంది. జూన్‌లో బడులు తెరిచేనాటికి కుటుంబాన్ని తీసుకురావచ్చు. పిల్లల చదువు గురించి బెంగపడేవారికి ఓ మాట. ఓర్వకల్లులో పొదుపు మహిళల సమాఖ్యే బాలభారతి పేరుతో బడి నడుపుతోంది.

ఇక ఇంటి వేట. టులెట్ బోర్డు కనిపించి తలుపు తడితే సంభాషణ దాదాపు ఇలాగే ఉంటుంది.

'ఏ ఊరు నాయనా మీది?'

'శ్రీకాకుళమండీ.'

'అబ్బో, శానా దూరం! ఎంతమందుంటారు?'

'నేను, మా ఆవిడ, పాప అమ్మా.'

'నీళ్లు పొద్దున మాత్రమే వస్తాయి. కూర... అంటే మాంసం వండుతారా? మీ కులమేంది నాయనా?'

చివరి ప్రశ్న మామూలుగా, మంచినీళ్లు కావాలా అన్నంత మామూలుగా వస్తుంది. జవాబును బట్టి 'మా తమ్ముడొస్తాడంట, వాళ్లకు అనుకున్నాం' అన్న మాట కూడా అంతే మామూలుగా వస్తుంది. ఇది కర్నూలుకే పరిమితం కాదు, విజయవాడలో, విశాఖలో, హైదరాబాదు అపార్టుమెంట్లలో ఉన్నదే. దీనికి డబ్బులో లెక్క కూడా ఉంది. పది ఇళ్లలో ఆరు ఈ ప్రశ్న దగ్గరే మూసుకుపోయినవాడు మిగిలిన నాలుగింటిలో అడిగినంత బాడుగ ఇచ్చుకోవాల్సిందే. బిడ్డ ఉద్యోగం కోసం ఏ చెన్నైకో, పుణేకో పోతే అక్కడెవరైనా ఇలాగే అడిగితే మనకెలా ఉంటుందో ఇల్లుగలవాళ్లు ఒక్కసారి ఆలోచిస్తే బాగుండు.

ఇంటివాళ్లు ఇన్ని అడుగుతారు కదా, వచ్చినవాళ్లు కూడా అడగాల్సినవి ఉన్నాయి. కర్నూలులో మొదటిది - '2009లో ఇక్కడ నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి?' ఆ ఏడాది అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడ్డాయి. పాతబస్తీ మునిగింది. కొత్తగా సున్నం వేసిన గోడ ఆ కథ చెప్పదు, పక్కింటి పెద్దాయన చెబుతాడు. రెండోది ఎండాకాలంలో నీళ్ల సంగతి. బోరు ఉందా, ఉంటే మే నెలలో నీళ్లుంటాయా? ట్యాంకరు తెప్పిస్తే డబ్బు ఎవరిది? మూడోది మిద్దె మీది గది. బాడుగ తక్కువని మురిసిపోకూడదు. పాతకాలం మట్టిమిద్దె చల్లగా ఉండేది, ఇప్పటి సిమెంటు మిద్దె రాత్రి పదింటికి కూడా సెగలు కక్కుతుంది. తగ్గిన బాడుగ కూలర్ల కరెంటు బిల్లుకు పోతుంది. అలాంటి గదిని పొద్దున కాదు, మధ్యాహ్నం మూడింటికి వెళ్లి చూడాలి. కరెంటు మీటరు విడిగా ఉందో లేదో అప్పుడే చూసుకోవాలి.

కాగితం సంగతి. అందరూ 11 నెలలకే రాసుకుంటారు. పదకొండు నెలలైనా సరే, అడ్వాన్సు ఎంత, ఖాళీ చేసేటప్పుడు అందులో ఎంత తిరిగిస్తారు, సున్నం ఖర్చు ఎవరిది అన్నవి రాయించుకోవాలి. నివాస గృహాలకు అడ్వాన్సు రెండు నెలల బాడుగను మించకూడదని 2021లో కేంద్రం ఆమోదించిన నమూనా అద్దె చట్టం చెబుతోంది. అది నమూనాయే, రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటేనే అమలు. అయినా బేరమాడేటప్పుడు చెప్పుకోవడానికి పనికొస్తుంది. రేషను కార్డు మార్చుకునేదాకా ఆగక్కర్లేదు, ఏ ఊరి కార్డుతోనైనా సరుకులు తీసుకునే ఏర్పాటు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య 2019 ఆగస్టులోనే మొదలైంది. గ్యాసుకు చిరునామా రుజువు లేకపోతే అయిదు కిలోల చిన్న సిలిండరు గుర్తింపు కార్డు మీదే ఇస్తారు.

ఇదంతా నెల జీతగాడి గోడు. అంతకంటే కింద ఉన్నవాళ్ల మాట వేరే. పెద్ద ప్రాజెక్టుల్లో కాంక్రీటు పోసే కూలీలకు రేకుల షెడ్డే ఇల్లు. కట్టడ కార్మికులకు పనిచోటే ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాలని 1996 చట్టం చెప్పింది. 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు ఇలాంటి పాత చట్టాల స్థానంలోకి వచ్చాయి. ఏ చట్టమైనా రేకు కింద మే నెల ఎండ ఒకటే. ఈ బాధ కర్నూలు జిల్లాకు బాగా తెలుసు. కోసిగి, ఆదోని, ఆలూరు వైపు నుంచి ఏటా 'సుగ్గి' పేరుతో కుటుంబాలకు కుటుంబాలే గుంటూరు మిరప చేలకు వెళ్తాయి. చేను గట్టున పట్టా కప్పిన గుడిసెలో నెలల తరబడి ఉంటాయి. బిడ్డల్ని అలా పంపుతున్న జిల్లాకే ఇప్పుడు బయటి కూలీలు వస్తున్నారు.

ప్రభుత్వాల ఇళ్ల పథకాలు దాదాపు అన్నీ సొంతింటి చుట్టూనే తిరుగుతాయి. కరోనా వేళ రోడ్ల వెంట నడిచిన వలస కార్మికులను చూశాక, 2020 జులైలో కేంద్రం మొదటిసారి బాడుగ ఇళ్ల సముదాయాల పథకం తెచ్చింది. ఖాళీగా పడున్న ప్రభుత్వ ఇళ్లను బాడుగకివ్వడం ఒక దారి, 25 ఏళ్లు బాడుగకే ఉంచేలా కొత్తవి కట్టడం రెండోది. 2024లో వచ్చిన పట్టణ ఆవాస్ యోజన రెండో విడతలోనూ బాడుగ ఇళ్లకు చోటిచ్చారు.

పొరుగు రాష్ట్రం ఏం చేసిందో చూస్తే ఇంకా తెలుస్తుంది. 2021 డిసెంబరులో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరులో ఫోన్ల కర్మాగారంలో పనిచేసే అమ్మాయిలు, హాస్టల్ తిండి తిని వందమందికి పైగా ఆస్పత్రి పాలయ్యాక, హైవే మీద బైఠాయించారు. గదులు ఇరుకు, తిండి అధ్వానం అన్నది వారి గోడు. 2024 ఆగస్టులో ఆ పక్కనే వల్లం వడగాళ్‌లో 706.50 కోట్లతో 18,720 మంది మహిళలు ఉండగలిగే వసతి గృహాలను ప్రారంభించారు. కర్మాగారాలు వచ్చిన ఎన్నో ఏళ్లకు, రోడ్డెక్కాక!

ఓర్వకల్లులో ఇంకా ఆ పరిస్థితి రాలేదు. అందుకే ఇది మాట్లాడుకోవాల్సిన సమయం. ఎకరాలు కేటాయించేటప్పుడే బాడుగ ఇళ్లకూ ఒక ముక్క విడిగా గీయడం ఏపీఐఐసీ చేతిలో పని. కంపెనీలే అన్నీ కట్టాలనీ లేదు. ఈ మండలంలో పొదుపు సంఘాల మహిళలు మూడు దశాబ్దాలుగా అప్పు తీసుకుని, పైసా పోకుండా తీర్చి, బడిని కూడా నిలబెట్టినవాళ్లు. గేదె కోసం, కిరాణా కొట్టు కోసం ఇచ్చే అప్పు, ఇంటి పక్కన మరుగుదొడ్డితో రెండు గదులు వేసుకోవడానికీ ఇస్తే? బాడుగ ఆ ఇంటి ఇల్లాలి చేతికే వస్తుంది. ఫిట్టర్ భార్యకు పక్కింట్లో ఓ అక్క దొరుకుతుంది. అలాంటి గదులు నన్నూరు నుంచి కాల్వ దాకా ఊరికి ఇరవై లేచినా, వచ్చేవాళ్లలో సగంమంది కర్నూలు బస్సు కోసం పరుగెత్తక్కర్లేదు. కట్టేటప్పుడు మాత్రం పైన సిమెంటు మిద్దెకు తెల్లసున్నం రెండు పూతలు వేయించాలి.