పక్క సీట్లో ఉన్నవాడే డ్రైవరు

ఆయుధపూజ నాడు మా మద్దికెరలో ఏ వీధిలోకి పోయినా ట్రాక్టర్లకు బంతిపూల దండలు, అరటి పిలకలు, టైర్ల కింద నిమ్మకాయలు. హారతి అయిపోగానే ఎవరో ఒక నాయన తన పదమూడేళ్ల పిల్లోణ్ణి సీటెక్కించి "ఒక చుట్టు తిప్పుకొని రాపో" అంటాడు. తాను మడ్‌గార్డు మీద వాలతాడు. ఫోన్ మోగితే తీస్తాడు. నిమ్మకాయ నలిగింది కాబట్టి దిష్టి పోయిందని ఇంట్లోవాళ్లకూ ధైర్యమే. ఈ దసరా సెలవుల్లో ఆ పని చేయొద్దు. నేర్చుకునే పిల్లల కోసం కాదు, నేర్పిస్తామని పక్కన కూర్చునే పెద్దల కోసం ఇది రాస్తున్నాను.

1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో మూడోది చెప్పేది నాలుగు మాటలే. చేతిలో ఎల్‌ఎల్‌ఆర్ (లెర్నర్ లైసెన్సు) ఉండాలి. పక్కన నేర్పేవాడుండాలి, అతనికి ఆ రకం బండికి చెల్లుబాటయ్యే లైసెన్సుండాలి. బండిని అదుపు చేయడానికి, ఆపడానికి వీలైన చోట అతను కూర్చోవాలి. ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి 'ఎల్' అక్షరం కనబడాలి. పలక కనీసం 18 సెంటీమీటర్ల చదరం, అక్షరం ఎత్తు కనీసం 10 సెంటీమీటర్లు. ఎల్ బోర్డు అందరికీ గుర్తుంటుంది, స్టిక్కరు కొని అంటించేస్తారు. ఆపడానికి వీలైన చోట కూర్చోవాలన్న మాటే ఎవరికీ పట్టదు.

డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాడి కాలికింద కూడా బ్రేకుంటుంది, అది వాళ్లకు తప్పనిసరి. మన ఇంటి కారులో అది లేదు. ఉన్నదల్లా హ్యాండ్‌బ్రేకు. కొన్ని కొత్త కార్లలో దానికి బదులు చిన్న బటనే వస్తోంది. అది పక్క సీటుకు అందుతుందో లేదో, కదులుతున్న బండిలో దాన్ని లాగితే ఏమవుతుందో ఖాళీ జాగాలో ముందే చూసుకున్నవాళ్లు ఎంతమంది? గంటకు 30 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఎనిమిది మీటర్లు. మీరు చూసి, "బ్రేకు!" అని అరిచి, అది వాడి చెవికెక్కి, కాలు కదిలేసరికి రెండు సెకన్లు. అప్పటికి బండి పదహారు మీటర్లు పోయుంటుంది.

ఇది నాకు పుస్తకం చదివి తెలిసింది కాదు. మా అక్క కొడుకుకు నేనే నేర్పించాను. పత్తికొండ రోడ్డు నుంచి చేలల్లోకి దిగే బాట మీద, పొద్దున పూట. ఎల్‌ఎల్‌ఆర్ ఉంది, బోర్డుంది, నాకు ఇరవై ఏళ్ల లైసెన్సుంది. వాట్సాప్‌లో ఏదో వస్తే తల దించాను. తల ఎత్తేసరికి ఎదురుగా గొర్రెల మంద. "తొక్కరా" అన్నాను. వాడు తొక్కాడు, యాక్సిలరేటరు. హ్యాండ్‌బ్రేకు మీద ఉండాల్సిన చేతిలో ఫోనుంది. బాట పక్కన పత్తికట్టె వామిలోకి దూరి కారు ఆగింది. ఒక్క గొర్రెకూ తగల్లేదు. కాపరి వచ్చి అద్దం దించమన్నాడు. పిల్లోడు వణుకుతూ "తప్పయిందన్నా" అంటే, "నిన్ను కాదప్పా, ఆ పక్కనున్నాయన్ని అంటాండా" అన్నాడు.

బ్రిటన్‌లో పక్కనున్నవాడి బాధ్యత చట్టమే. అతను పరిమితి మించి తాగినా, చేతిలో ఫోన్ పట్టుకున్నా నేరం. టెక్సస్‌లో పక్క సీట్లో కునుకు తీయడం కూడా నేరమే. డల్లాస్‌లో ఉన్న మన ఊరి పిల్లల్ని అడగండి, చెబుతారు. ఇక్కడ మాత్రం మామ ఒక పెగ్గేసి "నేనున్నా కదా, నువ్వు తోలు" అంటే పిల్లోడికి అది భరోసా.

మోటారు సైకిలు సంగతి ఇంకా కష్టం. నేర్చుకునేవాడి వెనక నేర్పేవాడు తప్ప మరొకరు ఎక్కకూడదని మన మూడో నియమమే చెబుతుంది. వెనక కూర్చున్నవాడికి బ్రేకు ఎలా అందుతుందో రాసినవాళ్లకే తెలియాలి. కాబట్టి రోడ్డు మాట మరచిపోండి. బడి మైదానంలో మీరు పక్కన నడుస్తూ నేర్పండి. ఇద్దరు స్నేహితుల్ని ఎక్కించుకొని గుంతకల్లు రోడ్డెక్కితే దాన్ని నేర్చుకోవడమనరు. ఇంకొకటి: పదహారేళ్లకు లైసెన్సిచ్చేది గేర్లు లేని, 50 సీసీ దాటని బండికే. ఎక్సెల్ 100 చిన్న బండేగా అంటారు, కానీ పేరులోనే ఉంది కదా లెక్క. దానికీ పద్దెనిమిది నిండాల్సిందే.

ట్రాక్టరు పక్కన అసలు సీటే లేదు. మడ్‌గార్డు మీద నుంచి జారితే కింద ఉండేది పెద్ద టైరు. ఎర్రగడ్డల మూటలతో ట్రాలీ తగిలించి నేర్చుకునేవాడికి ఇవ్వడమైతే మరీ అన్యాయం. ఇన్సూరెన్సు కాగితం తీసి డ్రైవరు గురించిన పేరా చదవండి. ఎల్‌ఎల్‌ఆర్ ఉన్నవాడు తోలొచ్చని రాసి, మూడో నియమం పాటిస్తేనే, సరుకు మోయని సమయంలోనే అని చాలా పాలసీల్లో షరతు ఉంటుంది. దెబ్బ తగిలినవాడికి కంపెనీ కట్టినా, తర్వాత ఆ డబ్బు మీ దగ్గర వసూలు చేసుకునే దారి దానికి ఉంది. రెండెకరాలు పోతాయి.

ఎల్‌ఎల్‌ఆర్ కూడా లేని మైనరు చేతికి తాళమిచ్చి, వాడు బండి తోలితే, 2019 సవరణ ప్రకారం తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. పిల్లోడికి 25 ఏళ్లొచ్చే దాకా లైసెన్సు లేదు. "నాకు తెలీకుండా తీసుకుపోయినాడు" అంటే సరిపోదు, ఆ సంగతి రుజువు చేసుకోవాల్సింది మీరే. చట్టం ఇంత గట్టిగా లేని 2018లోనే హైదరాబాద్‌లో పిల్లలకు బండ్లిచ్చిన తండ్రులు ఒకటి రెండు రోజులు జైల్లో కూర్చున్నారు.

నేర్పొద్దని కాదు. పొద్దున ఆరింటికి, కంది, జొన్న ఆరబోయని బాట చూసుకొని నేర్పండి. ఫోన్ ఇంట్లో పెట్టండి. తిట్టొద్దు. "నిదానం", "ఆపు", "క్లచ్చు" లాంటి మాటలు ముందే అనుకోండి, కొత్త మాట వాడొద్దు. అరగంట చాలు. మీకు నిద్ర చాలకపోతే ఆ రోజు మానేయండి.

విజయదశమి సాయంత్రం మాత్రం ఏ తాళమూ గూటిలోంచి తీయొద్దు. ఆ రోజు ఆచారంగా బొజ్జనాయునిపేట నుంచి మద్దికెర దాకా గుర్రాలు పరుగెత్తుకొస్తాయి. చుట్టుపక్కల పల్లెల జనమంతా రోడ్డు అంచునే నిలబడి ఉంటారు, చంకల్లో చిన్నపిల్లలతో.