గోలీలు నేర్పేది ట్యాబ్ నేర్పదు

పిల్లల చేతిలో ట్యాబ్ పెడితే కంప్యూటర్ దానంతటదే వచ్చేస్తుందని గుంటూరు మిర్చి యార్డుకు సరుకు తోలే రైతు దగ్గర్నుంచి మంత్రుల దాకా అందరిదీ ఒకటే నమ్మకం. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలవడంతో దీనికి సర్కారు ముద్ర కూడా పడింది. లోపల బైజూస్ కంపెనీ పాఠాలు. పాఠాలు వినడానికి ట్యాబ్ పనికొస్తుంది, కాదనను. కంప్యూటర్ ఎలా పనిచేస్తుందో మాత్రం అది చెప్పదు. లోపలి సంగతి కనపడనీయకపోవడమే దాని పనితనం.

అది చూపించడానికి గోలీలు చాలు. 1960ల్లో అమెరికాలో డిజి-కాంప్ అని ఆటబొమ్మలు అమ్మారు. అందులో రెండోది ఏటవాలు బల్ల; కరెంటుతో పనిలేదు. బల్ల మీద ఒక మీట ఎడమకు వాలి ఉంటుంది. గోలీ వచ్చి దాన్ని కుడికి తిప్పి పక్కకు జారిపోతుంది. రెండో గోలీ దాన్ని మళ్లీ ఎడమకు తిప్పి, కిందనున్న ఇంకో మీట మీద పడుతుంది. ఒకట్ల స్థానం సున్నా అయింది, రెండ్ల స్థానంలో ఒకటి చేరింది. కూడికల్లో మనం 'చేతిలో ఒకటి' అనేది ఇదే. మూడు మీటలుంటే ఏడు దాకా లెక్క. ఎనిమిదో గోలీకి అన్నీ మొదటికొస్తాయి. లెక్క తప్పితే ఏ మీట ఇరుక్కుందో పిల్లే వేలితో కదిపి చూసుకుంటుంది. ట్యాబ్ మొరాయిస్తే? ఆపి మళ్లీ ఆన్ చేయడమే.

"పాతకాలం బొమ్మలెందుకు, పైథాన్‌లో కోడింగ్ నేర్పండి" అంటారు. నేర్పండి, ఎవరొద్దన్నారు? ఆ పైథాన్ నడిచే చిప్పులో కోట్ల ట్రాన్సిస్టర్లున్నా, అడుగున ఉన్నవి మీటకున్న రెండు స్థితులే.

అసలు ఈ రెండు స్థితుల పద్ధతి మనకు కొత్తా? చీరాల మగ్గాల మీద జాకార్డ్ అట్టలు చూడండి. రంధ్రం ఉన్నచోట కొక్కెం పడుగు పోగును లేపుతుంది, లేనిచోట లేపదు. అట్టలు మారిస్తే అంచు మారుతుంది. 1804 నాటి ఈ ఫ్రెంచి పద్ధతి నుంచే ఇంగ్లండు గణితజ్ఞుడు బాబేజ్ తన గణనయంత్రానికి అట్టలు తీసుకున్నాడు. అలాంటి మగ్గం పక్కన పెరిగిన బిడ్డకు కోడింగంటే తెర మీద పిల్లిబొమ్మను జరపడమని చెబుతున్నాం!

2024 జులైలో బైజూస్ దివాలా విచారణకెక్కింది. గోలీల బల్లకు ఆ బెంగ లేదు. పిల్లలు చేత్తో చేసి నేర్చుకునే అటల్ టింకరింగ్ ల్యాబులున్న బడుల హెడ్‌మాస్టర్లూ, ఊరి వడ్రంగితో మూడు మీటల బల్ల ఒకటి చేయించండి. తొమ్మిదో గోలీ వదిలేముందు, ఏ మీట తిరుగుతుందో పిల్లల్నే చెప్పమనండి.