న్యాయవిద్యయు న్యాయమును

న్యాయశాస్త్రమున పండితుడైనవాడు న్యాయపక్షముననే నిలుచునని లోకులు తలతురు. అది భ్రమయని పాకిస్థాను న్యాయవాది షరీఫుద్దీన్ పీర్జాదా చరిత్రము చాటుచున్నది.

1923లో బుర్హాన్‌పురమున జన్మించి, యౌవనమున జిన్నాకు కార్యదర్శియై, రాజ్యాంగశాస్త్రమున అసమాన ప్రజ్ఞ గడించి, యీతడు 2017లో మరణించెను. ఆ ప్రజ్ఞ యెవరికి దక్కినది? అయూబ్‌ఖాను కొలువున విదేశాంగమంత్రి యయ్యెను. 1977లో జియా సేనాబలముతో రాజ్యమును హరింపగా అటార్నీ జనరల్ పదవిని స్వీకరించెను. ఆ యేడే సుప్రీంకోర్టు ‘ఆవశ్యకత’ పేర ఆ చర్యను సమ్మతించి, రాజ్యాంగమును సవరించు అధికారమును సైతము సేనానికే యొసగెను. 1999లో ముషారఫ్ అట్లే చేయగా మరల నీ వృద్ధుడే సలహాదారు. 1977 నాటి తీర్పు 2000 నాటి తీర్పునకు ఆధారమయ్యెను.

న్యాయవాది యెవరి పక్షమునైనను వాదింపవచ్చును గదా యని కొందరందురు. నిజమే, దొంగకును వకీలు కావలసినదే. కాని దొంగ తరఫున వాదించుట వేరు, దొంగసొత్తునకు దస్తావేజు వ్రాసియిచ్చుట వేరు. సేనాని యొకనాటికి దిగిపోవును. వాని కొరకు కల్పించిన న్యాయము తరువాతి సేనానికి మెట్టగును.

పాకిస్థానున వేరుదారి లేదనరాదు. 2007లో ముషారఫ్ ప్రధానన్యాయమూర్తిని తొలగింప జూడగా, నల్లకోటులు ధరించిన న్యాయవాదులే వీథులకెక్కి లాఠీదెబ్బలు తినిరి. వారు చదివినదియు నా చట్టములే.

కావున బిడ్డలను న్యాయకళాశాలకు పంపు తలిదండ్రులకు మేము విన్నవించున దొక్కటియే: ఎంత ఆర్జింతువని మాత్రమే గాక, దేనిని వ్రాయ నిరాకరింతువని కూడ వారి నడుగుడు.